వేరులో నాళాలు ఎన్ని? రూట్ కెనాల్‌కు ముందు ఏ ఎక్స్‌రే తీయించుకోవాలి

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో పంటి డాక్టరు గది బయట కూర్చున్న రోగి చేతిలో ఈ రోజుల్లో ఒకటి కాదు, రెండు మూడు ఎక్స్‌రేలు ఉంటున్నాయి. ఒకచోట నోటిలో పెట్టి తీసిన చిన్న ఎక్స్‌రే, అంటే ఆర్వీజీ, ఫోన్‌లో ఉంటుంది, ఇంకోచోట రెండు దవడలూ వచ్చేలా తీసిన ఓపీజీ పెద్ద కవరులో ఉంటుంది, మూడోచోట "స్కాన్ కూడా తీయించండి" అని రాసిచ్చిన చీటీ జేబులో ఉంటుంది. "డాక్టరు గారూ, ఇందులో నోరు మొత్తం వచ్చింది కదండీ, మళ్ళీ ఆ చిన్నది ఎందుకు?" అని అడిగేవారు నాకు వారానికి ఇద్దరైనా తగులుతారు. ఆ ప్రశ్న న్యాయమైనది. డబ్బు పెట్టేది వారు, కిరణాలు సోకేది వారి ఒంటికి. అందుచేత ఈ ఎక్స్‌రేలలో దేనిలో ఏది కనిపిస్తుందో, ఏది దాగిపోతుందో, ఏ పంటికి ఏది చాలునో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. చాలా పళ్ళకు, చాలా సందర్భాల్లో, మంచి చిన్న ఎక్స్‌రే రెండు కోణాల నుంచి తీస్తే సరిపోతుంది. ఓపీజీ ఒక్కదాన్నే నమ్ముకుని రూట్ కెనాల్ మొదలుపెట్టడం సరికాదు. పన్నును మూడు దిక్కుల నుంచీ చూపించే సీబీసీటీ స్కాన్ గొప్ప సాధనమే గాని, అది ఒక నిర్దిష్టమైన సందేహం తీరడానికి తీయించవలసినదే తప్ప అలవాటుగా తీయించవలసినది కాదు. ఈ మూడు మాటలకూ కారణాలు పంటి వేరు నిర్మాణంలోనే ఉన్నాయి గనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

వేరు లోపలి దారి

పన్ను వేరు లోపల నరమూ సన్నని రక్తనాళాలూ నడిచే దారిని మేము కెనాల్ అంటాం. ఇక్కడ నాళం అని రాస్తాను. పళ్ళను నోటి నడిమధ్య నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే ముందరి పళ్ళు ఒకటి, రెండు, కోరపన్ను మూడు, దాని వెనక చిన్న దవడ పళ్ళు నాలుగు, అయిదు, పెద్ద దవడ పళ్ళు ఆరు, ఏడు, జ్ఞానదంతం ఎనిమిది. క్లినిక్కులో మేము మాట్లాడుకునేది ఈ అంకెలతోనే కనుక, మీ పన్ను ఎన్నోదో అడిగి తెలుసుకుంటే ఇక్కడ రాసినదాన్ని మీకు మీరే అన్వయించుకోవచ్చు.

వేరుకొక నాళం, అది పైనుంచి కిందికి తిన్నగా దిగిపోతుంది అనుకుంటే పొరపాటు. 1984లో ఫ్రాంక్ వెర్టూచి అనే అమెరికా దంతవైద్యుడు 2,400 పళ్ళను తీసుకుని, వాటిలోని సున్నాన్ని కరిగించి, లోపలి దారుల్లోకి రంగు ఎక్కించి, పన్నును గాజులా పారదర్శకంగా మార్చి చూశారు. ఒకే వేరులో నాళాలు నడిచే తీరును ఆయన ఎనిమిది రకాలుగా వర్గీకరించారు, ఆ వర్గీకరణ ఇప్పటికీ వాడుకలో ఉంది. విజయవాడవారికి దీన్ని అర్థమయ్యేలా చెప్పడం తేలిక. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నీటిని తీసుకున్న కాలువ నగరంలోకి వచ్చి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువలుగా చీలిపోతుంది కదా. పంటి వేరులోనూ ఒకే నాళంగా మొదలై మధ్యలో రెండుగా చీలేవి ఉంటాయి, రెండుగా మొదలై కొస దగ్గర కలిసిపోయేవి ఉంటాయి, చీలి కలిసి మళ్ళీ చీలేవి ఉంటాయి, మొదటి నుంచి చివరి దాకా విడివిడిగా సాగేవి ఉంటాయి. వీటిలో ఒక్క పాయను వదిలేసి మిగిలినవి ఎంత శుభ్రంగా కడిగి నింపినా, వదిలిన పాయలో క్రిములు ఉండిపోతాయి. నెలలు గడిచాక అక్కడే చీము మొదలవుతుంది.

చిక్కంతా ఎక్స్‌రే స్వభావంలో ఉంది. ఎక్స్‌రే అంటే నీడ. బుగ్గవైపు నుంచి కిరణాలు వచ్చి పంటిని దాటి నాలుకవైపు ఉంచిన సెన్సార్ మీద పడతాయి. పన్ను ఎడమకుడుల వెడల్పు, పైకిందుల పొడవు ఆ నీడలో వస్తాయి గాని, బుగ్గ నుంచి నాలుక దాకా ఉండే మందం మొత్తం ఒకదాని మీద ఒకటి పడి పలచని పొరలా అణిగిపోతుంది. దురదృష్టవశాత్తూ అదనపు నాళాలు ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ మందంలోనే. బుగ్గవైపు ఒకటి, నాలుకవైపు ఒకటి ఉన్న రెండు నాళాలు తిన్నగా తీసిన ఎక్స్‌రేలో ఒకే గీతగా కనిపిస్తాయి.

తిన్నగా ఒకటి, పక్కనుంచి ఒకటి

నోటిలో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రేను మన దగ్గర ఆర్వీజీ అంటున్నారు. ఫిలిముకు బదులు సెన్సార్‌తో తీసే ఈ పద్ధతి 1987లో ఫ్రాన్స్‌లో వాడుకలోకి వచ్చింది, ఆ మొదటి యంత్రం పేరే ఇప్పటికీ అందరి నోటా నిలిచిపోయింది. వేరు కొస చుట్టూ ఎముక ఎలా ఉందో, పుచ్చు ఎంత లోతుకు దిగిందో, వేరు పొడవు ఎంతో, వంపు ఎటువైపో సూక్ష్మంగా చూపించడంలో దీన్ని మించినది లేదు. ఒకటి కంటే ఎక్కువ నాళాలు ఉన్నాయేమోనన్న అనుమానానికి సూచనలు కూడా, చూసే కన్నుకు, ఒక్క బొమ్మలోనే దొరుకుతాయి. పైన స్పష్టంగా నల్లని గీతలా కనిపిస్తున్న నాళం వేరు మధ్యకు వచ్చేసరికి హఠాత్తుగా మసకబారి మాయమైతే, అది అక్కడ రెండు సన్నపాయలుగా చీలిందని అనుమానించాలి. వేరు అంచు వెంట ఉండవలసిన సన్నని నల్లగీత ఒకేవైపున రెండుగా కనిపిస్తే, ఒక వేరు వెనక ఇంకో వేరో, లేదా వేరు మీద లోతైన గాడియో ఉందని అర్థం.

అయితే అనుమానం వేరు, నిర్ధారణ వేరు. అందుకు రెండో ఎక్స్‌రే కావాలి. ట్యూబును సుమారు 20 డిగ్రీలు ముందుకో వెనక్కో జరిపి అదే పంటిని మళ్ళీ తీస్తే, ఒకదాని వెనక ఒకటి దాగిన నాళాలు విడిపోయి కనిపిస్తాయి. విజయవాడ నుంచి గుంటూరుకు రైలులో వెళ్ళేటప్పుడు కిటికీ దగ్గర కూర్చున్నవారికి ఈ సూత్రం కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. పట్టాల పక్కనున్న కరెంటు స్తంభాలు వెనక్కి పరుగెత్తుతాయి, దూరాన ఉన్న మంగళగిరి కొండ మాత్రం చాలాసేపు మనతోపాటే వస్తున్నట్టు అనిపిస్తుంది. ఎక్స్‌రే ట్యూబు రైలులోని ప్రయాణికుడి వంటిది. దానికి దూరంగా, అంటే నాలుకవైపు ఉన్న నాళం ట్యూబు జరిగిన దిక్కుకే జరుగుతుంది. దగ్గరగా బుగ్గవైపు ఉన్నది ఎదురు దిక్కుకు జరుగుతుంది. క్లార్క్ అనే ఆయన 1910లో ప్రకటించిన ఈ పద్ధతితో రెండు నాళాలు ఉన్నాయన్న సంగతితోపాటు, వాటిలో బుగ్గవైపుది ఏదో, నాలుకవైపుది ఏదో కూడా తెలుస్తుంది.

ఈ రెండో ఎక్స్‌రేకు అయ్యే ఖర్చు అతి తక్కువ, చాలా క్లినిక్కుల్లో అది వైద్యం రుసుములోనే కలిసి ఉంటుంది. పట్టే సమయం రెండు నిమిషాలు. ఇంత చవకలో ఇంత సమాచారం ఇచ్చే సాధనం మా వృత్తిలో మరొకటి లేదని నా గట్టి నమ్మకం. అయినా హడావుడిలో ఎక్కువగా వదిలేసేది దీన్నే. వైద్యం మొదలుపెట్టే ముందు "పక్కకోణం నుంచి కూడా ఒకటి తీస్తారా అండీ?" అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. ఏ డాక్టరూ దానికి నొచ్చుకోరు, నొచ్చుకోకూడదు కూడా.

దీనికి పరిమితులు లేకపోలేదు. పై దవడ వెనక పళ్ళ వేళ్ళ మీద చెక్కిలి ఎముక నీడ పడి అంతా తెల్లగా అలుక్కుపోయినట్టు ఉంటుంది. వయసు పైబడినవారిలో నాళం సన్నబడి, ఎక్స్‌రేలో అసలు లేనట్టే కనిపిస్తుంది. కనిపించనంత మాత్రాన లేదని కాదు. వేరు కొస బుగ్గవైపుకో అంగిలివైపుకో వంగితే, ఆ వంపు మనకు ఎదురుగా ఉన్న కర్ర కొసలా తిన్నగానే అనిపిస్తుంది. పై రెండో పంటి కొస అంగిలివైపు వంగి ఉండడం తరచుగా చూస్తాం, తిన్నగా తీసిన ఎక్స్‌రేను చూసి ఆ వంపు లేదనుకుంటే పరికరం లోపల విరిగే ప్రమాదం ఉంది.

ఓపీజీ దేనికి పనికొస్తుంది

గడ్డం ఆనించి నిలబడితే యంత్రం తల చుట్టూ తిరిగి తీసే పెద్ద బొమ్మ ఓపీజీ. రెండు దవడలు, పళ్ళన్నీ ఒక్కచోట కనిపిస్తాయి కనుక చూసేవారికి ఇదే గొప్పదన్న భావన కలగడం సహజం. జ్ఞానదంతం ఎలా అడ్డం తిరిగింది, దవడ ఎముకలో గడ్డ ఉందా, పిల్లవాడికి ఇంకా రావలసిన పళ్ళు ఎన్ని, ప్రమాదంలో దవడ విరిగిందా అనే ప్రశ్నలకు ఇది సరైనది. ఒక పంటిలో నాళాలు ఎన్ని అన్న ప్రశ్నకు మాత్రం ఇది జవాబు చెప్పలేదు. యంత్రం తిరుగుతూ తీయడం వల్ల బొమ్మ అసలు కంటే పెద్దదై, అంచులు మసకబారి ఉంటాయి; ముందరి పళ్ళ మీద మెడ ఎముక నీడ పడుతుంది; సూక్ష్మత చిన్న ఎక్స్‌రేతో పోలిస్తే చాలా తక్కువ. ఓపీజీ ఇప్పటికే ఉంటే దాన్ని పారేయనక్కరలేదు, నోటి మొత్తం పరిస్థితి తెలియడానికి ఉపయోగపడుతుంది. రూట్ కెనాల్ కోసమే కొత్తగా తీయించుకోవడం మాత్రం అనవసరం.

సీబీసీటీ: ఎప్పుడు అవసరం, ఎంతమేరకు

1990ల చివరలో ఇటలీలో మొదలైన సీబీసీటీ పద్ధతి పన్నును మూడు దిక్కుల నుంచీ పొరలుపొరలుగా కోసి చూసినట్టు చూపిస్తుంది. నీడలో అణిగిపోయిన ఆ మందం ఇందులో తిరిగి లభిస్తుంది. వేరును అడ్డంగా కోసినట్టున్న పొరలో నాళాలు నల్లని చుక్కలుగా కనిపిస్తాయి, వాటిని ఒకటి, రెండు అని లెక్కపెట్టవచ్చు. పొరలను ఒక్కొక్కటిగా కిందికి జరుపుకుంటూ పోతే ఆ చుక్కలు ఎక్కడ చీలుతున్నాయో, ఎక్కడ కలుస్తున్నాయో తెర మీదే తెలుస్తుంది.

అయినా దీన్ని అందరికీ మొదటే రాయకూడదని నేను అనడానికి కారణాలు ఉన్నాయి. అమెరికాలోని ఎండోడాంటిస్టుల, అంటే రూట్ కెనాల్ నిపుణుల, సంఘమూ నోటి రేడియాలజీ అకాడమీ కలిసి 2015లో సవరించి ప్రకటించిన సూచనల ప్రకారం కూడా, మొదట తీయవలసినది నోటిలోపల తీసే చిన్న ఎక్స్‌రేనే. నాళాల నిర్మాణం సంక్లిష్టంగా ఉండవచ్చన్న అనుమానం ఉన్నప్పుడు చిన్న పరిధి సీబీసీటీని వాడవచ్చు. చిన్న పరిధి అన్న మాట చాలా ముఖ్యం. ఇంప్లాంట్ల కోసం దవడ మొత్తాన్ని స్కాన్ చేయడం మన ఊళ్ళలో అలవాటైపోయింది. మొత్తం దవడ స్కాన్‌లో బొమ్మను కూర్చే ఒక్కొక్క బిందువు పెద్దదిగా ఉంటుంది, సన్నని నాళం ఆ బిందువుల మధ్య కలిసిపోతుంది. పైగా కిరణాల మోతాదు పెరుగుతుంది. రెండు మూడు పళ్ళకు పరిమితమైన స్కాన్‌లో బిందువు పరిమాణం మిల్లీమీటరులో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది, మనకు కావలసినది అదే. స్కానింగ్ సెంటరులో చీటీ ఇచ్చేటప్పుడు "ఈ పంటి వరకే, చిన్న పరిధిలో, సూక్ష్మత ఎక్కువగా పెట్టి తీయండి" అని డాక్టరు చేత రాయించుకోవాలి. అది రాయకపోతే సెంటరువారు తమకు అలవాటైన పద్ధతిలో తీసేస్తారు, వారిని తప్పుపట్టడానికీ లేదు.

మరో పరిమితి లోహం. పంటికి లోహపు క్యాప్ ఉన్నా, లోపల పోస్టు, అంటే వేరులో దించిన కడ్డీ, ఉన్నా, పాత రూట్ కెనాల్‌లో నింపిన గట్టాపర్చా అనే రబ్బరులాంటి పదార్థం దట్టంగా ఉన్నా, వాటి చుట్టూ తెల్లని చారలు, నల్లని మచ్చలు ఏర్పడి పక్కనున్న నాళాన్ని కప్పేస్తాయి. ఆ నల్లమచ్చను చూసి వేరు పగిలిందని పొరబడి పన్ను తీసేసిన సందర్భాలు ఉన్నాయి. వేరు నిలువునా పగిలిందా లేదా అన్నది, ముఖ్యంగా పోస్టు ఉన్న పంటిలో, స్కాన్ ఒక్కదానితో తేల్చడం సరికాదు. స్కాన్ జరిగే కొద్ది సెకన్లూ కదలకుండా ఉండడం కూడా అవసరం. పెద్దవయసువారు, తల వణికేవారు అయితే ఆ సంగతి ముందే చెప్పాలి.

ఏ పంటికి ఏది

పై ఆరో పన్ను దగ్గర కాస్త ఆగి చెప్పవలసి ఉంది. దీనికి సాధారణంగా మూడు వేళ్ళు, బుగ్గవైపు రెండు, అంగిలివైపు ఒకటి. బుగ్గవైపు వేళ్ళలో ముందరిది పట్టీలా వెడల్పుగా ఉండి, తరచుగా తనలో రెండు నాళాలను దాచుకుంటుంది. ఎంబీటూ అని మేము పిలిచే ఆ రెండో నాళం సగం కంటే ఎక్కువ పళ్ళలో ఉంటుంది గాని, మామూలు ఎక్స్‌రేలో అది మొదటిదాని వెనకే నిలబడి కనిపించదు.

నేను చదువు ముగించుకుని గుంటూరులో ఒక క్లినిక్కులో పనిచేస్తున్న తొలి రోజుల్లో తెనాలి నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. పై ఆరో పంటికి మూడు నాళాలు శుభ్రం చేసి నింపాను, చివర తీసిన ఎక్స్‌రేలో మూడు తెల్లగీతలూ కొసల దాకా చక్కగా ఉన్నాయి, క్యాప్ కూడా వేశాం. ఎనిమిది నెలల తరువాత ఆమె చెంప వాచి తిరిగి వచ్చారు. "మీరు బాగానే చేశారు డాక్టరు గారూ, నా ఒంటి తత్వమే అంత" అని ఆమె నన్నే ఓదార్చారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది, ఎందుకంటే తప్పు ఆమె ఒంటిది కాదు. ఆమె తిరిగి వచ్చిన ఆ రోజు పక్కకోణం నుంచి తీసిన ఎక్స్‌రేలో ముందరి వేరులోని తెల్లగీత వేరు నడుమన లేదు, ఒక అంచుకు జరిగి ఉంది. దానికీ రెండో అంచుకూ మధ్య వేరు మందం ఎక్కువగా మిగిలిపోయింది. ఒకే నాళం ఉన్న వేరైతే ఏ కోణం నుంచి తీసినా ఆ గీత నడిమధ్యనే ఉండాలి. క్యాప్ తీసి, పన్ను నడుమనున్న గది అడుగును భూతద్దాలతో వెతికితే, మొదటి నాళం ముఖం నుంచి అంగిలివైపుకు రెండు మిల్లీమీటర్ల లోపు దూరంలో, గట్టులా పొడుచుకొచ్చిన డెంటిన్‌ను, అంటే పంటి లోపలి గట్టి పొరను, జాగ్రత్తగా గీకిన మీదట, సూదిమొన మాత్రమే దిగేంత చుక్క బయటపడింది. అందులోకి నాళాన్ని గీకే సూదిలాంటి సన్నని ఫైలు దింపి మళ్ళీ పక్కకోణం నుంచి ఎక్స్‌రే తీస్తే, పాత తెల్లగీత పక్కనే, దానికి సమాంతరంగా, ఫైలు గీత విడిగా నిలబడింది. ఆ రెండో కోణపు ఎక్స్‌రే మొదటి రోజే తీసి ఉంటే నేను ఇంకాసేపు వెతికి ఉండేవాణ్ణి.

అందువల్ల పై ఆరో పంటికి రెండు కోణాల చిన్న ఎక్స్‌రేలతో, ఎంబీటూ ఉందనే ఊహతో మొదలుపెట్టమంటాను. భూతద్దాలతోనో మైక్రోస్కోపుతోనో వెతికినా అది దొరకకపోతే, లేదా ఒకసారి చేసిన వైద్యం విఫలమై మళ్ళీ చేయవలసి వస్తే, అప్పుడు చిన్న పరిధి సీబీసీటీ తీయించడం న్యాయం. పై ఏడో పంటికీ ఇదే మాట, కాకపోతే అక్కడ వేళ్ళు దగ్గర దగ్గరగా, ఒక్కొక్కసారి కలిసిపోయి ఉంటాయి.

కింది ఆరో పంటికి ముందు ఒకటి, వెనక ఒకటి, రెండు వేళ్ళు. ముందరి వేరులో రెండు నాళాలు దాదాపు ఎప్పుడూ ఉంటాయి, వెనక వేరులో ఒకటో రెండో. కొందరిలో నాలుకవైపు మూడో వేరు, సన్నగా కొక్కెంలా వంగి ఉంటుంది. 1844లోనే కరబెల్లి అనే ఆయన దీన్ని వర్ణించారు. చైనా, జపాన్, కొరియా వంటి తూర్పు ఆసియా దేశాలవారిలో ఇది ఎక్కువ, మన దేశంలో తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. తిన్నగా తీసిన ఎక్స్‌రేలో వెనక వేరు అంచు రెండు గీతలుగా కనిపించడం దీనికి మొదటి ఆనవాలు. పక్కకోణంలో అది విడిపోయి కనిపిస్తే స్కాన్ అక్కరలేదు, వంపు ఎంత తీవ్రంగా ఉందో తెలియనప్పుడు మాత్రం స్కాన్ పనికొస్తుంది.

నన్ను అడిగితే స్కాన్‌కు అన్నిటికంటే అర్హమైనది కింది ఏడో పన్ను. కొందరిలో దీని రెండు వేళ్ళూ బుగ్గవైపున కలిసిపోయి, లోపలి నాళాలు విడివిడి గొట్టాలుగా కాక, అడ్డంగా కోసి చూస్తే నెలవంకలా, ఇంగ్లీషు సీ అక్షరంలా ఒకే చీలికగా ఉంటాయి. 1979లో మొదటిసారి వైద్యసాహిత్యంలో వర్ణించిన ఈ ఆకారం చిన్న ఎక్స్‌రేలో సాధారణ పన్నులాగే భ్రమింపజేస్తుంది. వేళ్ళు రెండూ అంటుకుని ఒకే శంకువులా కనిపించడం, లోపల పెట్టిన ఫైళ్ళు కొసన కలుస్తున్నట్టో, వేళ్ళ నడిమధ్యకు దిగినట్టో కనిపించడం దానికి గుర్తులు. అటువంటి చీలికను ఎక్కడ గీకవచ్చో, ఎక్కడ గోడ పలచనో తెలియకుండా గీకితే వేరు పక్కకు చిల్లు పడుతుంది. ఈ ఆనవాళ్ళు ఉంటే ఖర్చుకు వెనకాడకుండా చిన్న పరిధి స్కాన్ తీయించడం మంచిది.

చిన్న దవడ పళ్ళలో పై నాలుగో పంటికి రెండు నాళాలు మామూలే, ఒక్కొక్కసారి మూడు ఉంటాయి. ఎక్స్‌రేలో వేరు నడుము వెడల్పు పంటి తల వెడల్పుతో సమానంగానో ఎక్కువగానో ఉంటే మూడు వేళ్ళు ఉన్నాయని అనుమానించాలి. కింది నాలుగో పన్ను చూడడానికి అమాయకంగా ఉంటుంది గాని, సుమారు నాలుగింట ఒక పంటిలో రెండో నాళం ఉంటుంది, అదీ వేరు సగం దిగాక చీలుతుంది కనుక పైనుంచి చూస్తే దొరకదు. ఇందాక చెప్పిన హఠాత్తుగా మాయమయ్యే గీత ఎక్కువగా కనిపించేది ఈ పంటిలోనే. కింది ముందరి పళ్ళలోనూ రెండో నాళం తరచే, చాలావరకు అది కొస దగ్గర మొదటిదానితో కలిసిపోతుంది. వీటికి రెండు కోణాల ఎక్స్‌రే చాలు. పై రెండో పంటిలో మాత్రం ఒక్కొక్కరికి పన్ను లోపలికి పన్ను మడతపడినట్టు పైపొర అయిన ఎనామిల్ లోతుగా దిగి ఉంటుంది; అటువంటిది కనిపిస్తే స్కాన్ లేకుండా ముందుకు వెళ్ళకూడదు.

కిరణాల మోతాదు, మరికొన్ని సంగతులు

సహజంగా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సోకే రేడియేషన్ ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు, అంటే రోజుకు ఆరేడు మైక్రోసీవర్టులు. ఒక చిన్న ఆర్వీజీ మోతాదు సాధారణంగా ఆ ఒక్కరోజు లెక్కకు అటూ ఇటూగా ఉంటుంది. ఓపీజీ కొద్ది రోజులకు సమానం. సీబీసీటీ మోతాదు యంత్రాన్ని బట్టి, పరిధిని బట్టి విపరీతంగా మారుతుంది. చిన్న పరిధిలో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల లెక్కకు వస్తుంది, పరిధి పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. ఇవి భయపడవలసిన అంకెలు కావు, అలాగని అనవసరంగా తీయించుకోవడానికి అనుమతి కూడా కావు. పిల్లల విషయంలో ఈ నియమాన్ని మరింత గట్టిగా పాటించాలి. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. వాయిదా వేయదగినదైతే వేస్తారు, చీముతో బాధపడుతున్నప్పుడు మాత్రం ఒక చిన్న ఎక్స్‌రేకు భయపడి వైద్యం మానుకోవడం తల్లికి మేలు చేయదు. మన దేశంలో ఈ యంత్రాలు ఆటమిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు నియంత్రణ కిందికి వస్తాయి, క్లినిక్కుకు ఆ బోర్డు అనుమతి ఉందా అని అడగడం రోగి హక్కు.

ఎక్కడ తీయించుకోవాలన్నది కూడా చాలామంది సందేహం. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, గుంటూరు దగ్గర తక్కెళ్ళపాడులోనూ, గన్నవరం వైపు చినఅవుటపల్లిలోనూ ప్రైవేటు దంత కళాశాలలు ఉన్నాయి. కళాశాలల్లో నోటి రేడియాలజీకి ప్రత్యేక విభాగం ఉంటుంది, సందేహాస్పదమైన బొమ్మను చదవడానికి ఆ చదువు చదివినవారే ఉంటారు. అందుకు సగం రోజు కేటాయించుకుని వెళ్ళాలి, ఏ యంత్రం అందుబాటులో ఉందో ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఊళ్ళోని స్కానింగ్ సెంటరులో పని త్వరగా అవుతుంది. అక్కడ తీయించినప్పుడు అద్దం కాగితం మీద అచ్చువేసి ఇచ్చే నాలుగు బొమ్మలతో సరిపెట్టుకోకండి, అవి సెంటరువారు ఎంచిన పొరలు మాత్రమే. సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో మొత్తం స్కాన్ ఫైళ్ళు అడిగి తీసుకోండి, వైద్యం చేసే డాక్టరు తన కంప్యూటరులో ఒక్కొక్క పొరా జరుపుకుంటూ చూస్తేనే ఆ డబ్బుకు ఫలితం. ఆర్వీజీని వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సన్నని గీతలు చెరిగిపోతాయి కనుక డాక్యుమెంటుగా పంపమని అడగండి.

వైద్యం పూర్తయ్యాక నాళాలు నింపిన తరువాత తీసే చివరి ఎక్స్‌రేను కూడా రెండు కోణాల నుంచి తీయించుకుని, తేదీతో సహా దాచుకోండి. ఏడాది తరువాత వేరు కొస దగ్గర ఎముక మానిందా లేదా అని చూడడానికి అదే కోణంలో మళ్ళీ ఒకటి తీసి, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంటుంది.